పెట్టె కాదు, పేరు

“టీ చల్లారిపోతోందని మీ అబ్బాయికి చెప్పండి అత్తయ్యా.”

“నేనెందుకు చెప్పాలి? మొగుడు నీ మొగుడు, టీ నువ్వు పెట్టిన టీ. మధ్యలో నేనేమన్నా పోస్టుమేన్నా?”

అత్తగారు జపమాల తిప్పడం ఆపకుండానే విసుక్కుంది. ఆ మాట ముందుగదిలో కూర్చున్న ఆ అబ్బాయికి, అంటే మేష్టారికి, వినపడకపోలేదు. వినపడిందని తెలియజెయ్యడానికే అన్నట్టు ఆయన పేపరు గట్టిగా ఒకసారి దులిపి, మళ్లీ అదే పేజీ చదవడం మొదలుపెట్టారు.

నిన్న భోజనాల దగ్గర పేలిన మాట ఇంకా ఇంట్లోనే తిరుగుతోంది. “బస్సు డిపో వాళ్లు డ్రైవర్లకి డ్యూటీ చార్టు వేసే మీ కంప్యూటరు ప్రోగ్రాం మార్చేస్తున్నారు. కొత్తది రాసే పని మా ఆఫీసుకి వచ్చింది. నాకే ఇచ్చారు” అని ఇంట్లో అందరూ కొత్తమ్మాయి అని పిలిచే ఆ కోడలు చెప్పింది. “ఎప్పుడిచ్చారు?” అన్నారు మేష్టారు. “నెలయింది.” అంతే. ఆయన చెయ్యి కడిగేసుకున్నారు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, “నా ప్రోగ్రాం పీకెయ్యడానికి వాళ్లకి నా ఇంట్లోంచే మనిషి దొరికింది” అన్నారు. ఆ తర్వాత ఆయన నోట మాట లేదు. తెల్లారినా లేదు.

కొత్తమ్మాయి టీ గ్లాసు తనే తీసుకెళ్లి స్టూలు మీద పెట్టింది.

“ఇవాళ సాయంత్రం త్వరగా వస్తాను.”

పేపరు పలకలేదు.

“రేపే డిపోలో చూపించాలి. కుదరకపోతే మళ్లీ ఫోన్లు ఎత్తే సీటుకి పంపించేస్తారు నన్ను.”

పేజీ తిరిగింది.

“అమ్మా,” అన్నారు మేష్టారు, భార్య తల మీదుగా వంటింటి వైపు చూసి. “నా కళ్లజోడు ఎక్కడుంది?”

“నీ ముక్కు మీదే ఉంది నాయనా,” అంది అత్తగారు. “తీసి దాచమంటావా?”

ఇంకొక రోజైతే ముగ్గురూ నవ్వేవాళ్లు. ఇవాళ ఎవరి నవ్వు వాళ్లు మింగేశారు.

* * *

ఆఫీసుకి బయల్దేరడానికి ఇంకా టైముంది. భోజనాల బల్ల మీద చిన్న కంప్యూటరు తెరిచి కూర్చుంది కొత్తమ్మాయి. ఈ కొత్త భాషని ఫంక్షనల్ భాష అంటారట. ఆఫీసులో ఇచ్చిన నమూనాలు చూసి రాస్తూ నెల నుంచీ దానితో కుస్తీ పడుతోంది. ఒక్కోరోజు అది చేతికి చిక్కినట్టే ఉంటుంది, మర్నాటికి సబ్బులా జారిపోతుంది.

ఇవాళ ఆమెకి కావలసింది చిన్న పని. ఎన్ని బండ్లకి డ్రైవర్లు దొరికారో లెక్కపెట్టాలి. ప్రోగ్రాం రాయడం తెలిసినప్పటి నుంచీ తనకి తెలిసిన వరుసే రాసింది. లెక్క అంటే లెక్కకి ఒకటి కలిపినది.

యంత్రం అడ్డు చెప్పలేదు. తప్పు అని ఎర్రగీత గీయలేదు. “సరే, ఆ లెక్క ఎంతో చూపించు” అని అడిగేసరికి మాత్రం మాట పడిపోయినట్టు ఊరుకుంది. తెర మీద చిన్న గీత ఒకటి ఆరి వెలుగుతూ ఉంది. లోపల ఫ్యాను మాత్రం గొంతు పెంచుకుంటూ పోయింది.

“ఏమయ్యిందే? అది కూడా అలిగిందా?” అంది వంటింట్లోంచి అత్తగారు.

కొత్తమ్మాయి తెరనే చూస్తూ కూర్చుంది. లెక్క అంటే లెక్కకి ఒకటి కలిపినది. ఇందులో తప్పేముంది? తనకి మొట్టమొదట నేర్పిన వరుసే అది. నేర్పిన మనిషి పక్కగదిలోనే పేపరు వెనక ఉన్నాడు.

ఆ రోజుల్లో మేష్టారి కంప్యూటరు క్లాసు ఒక సైకిలు షాపు మీద పైగదిలో నడిచేది. మెట్లెక్కుతుంటే రబ్బరు వాసన, గ్రీజు వాసన తోడు వచ్చేవి. కింద ఎవరో చక్రాన్ని సుత్తితో కొడుతుంటే పైన మేష్టారు ఆ దెబ్బలకి మధ్య దొరికిన సందుల్లో పాఠం చెప్పేవారు. కంప్యూటర్లు తక్కువ, నేర్చుకునేవాళ్లు ఎక్కువ. అందుకని ఆయన ఖాళీ సుద్దముక్కల పెట్టెలు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చేవారు.

“ఇదిగో, ఇది పెట్టె. దీని పేరు లెక్క. ఇందులో ఇప్పుడేముంది? సున్నా అని రాసిన చీటీ. ఇప్పుడేం చేస్తాం? చీటీ బయటికి తీస్తాం, ఒకటి కలుపుతాం, కొత్త చీటీ రాసి అదే పెట్టెలో వేస్తాం. మరి పాత చీటీ?”

“చింపేస్తాం మేష్టారూ!” అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవాళ్లు. చింపిన చీటీలు ఫ్యానుగాలికి గదంతా ఎగిరేవి.

ఆమె ఆ క్లాసులో చేరేసరికే పాఠాలు మొదలైపోయాయి. గుమ్మంలో బెరుగ్గా నిలబడితే ఆయన వెనక్కి తిరిగి, “ఎవరా కొత్తమ్మాయి? లోపలికి రా. చీటీల మీద కాలెయ్యకు” అన్నారు. కోర్సు అయిపోయింది, పెళ్లయింది, తలలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. ఆ పిలుపు మాత్రం ఎక్కడికీ పోలేదు. చివరికి అత్తగారు కూడా కోడలి అసలు పేరు మర్చిపోయి, గుర్తుతెచ్చుకోవడం మానేసింది.

చేరిన ఆ వారంలోనే ఆమె లేచి ఒక ప్రశ్న అడిగింది. “మేష్టారూ, పాత చీటీలో ఏముందో తర్వాత కావాల్సొస్తే ఎలా?”

క్లాసంతా గొల్లున నవ్వింది. పాత చీటీ ఎవడిక్కావాలి? మేష్టారు మాత్రం నవ్వలేదు. సుద్దముక్క చేతిలో తిప్పుకుంటూ చాలాసేపు ఆమె వైపు చూసి, “మంచి ప్రశ్నే. కూర్చో” అన్నారు. జవాబు మాత్రం చెప్పలేదు.

ఆ రోజుల్లోనే ఆయనకి డిపో పని దొరికింది. డ్యూటీ చార్టు వెయ్యడమే క్లాసు పిల్లలకి కూడా అభ్యాసంగా ఇచ్చారు. అందరూ తలా కాస్త రాశారు. కొత్తమ్మాయి యంత్రం దొరక్క కాయితాల మీదే రాసి ఇచ్చింది. “దిద్ది ఇస్తాను” అన్నారాయన. ఈలోపల ఆయనతోనే పెళ్లి మాటలు మొదలయ్యాయి. ఆ సందడిలో ఆ కాయితాలూ లేవు, ఆ దిద్దుబాటూ లేదు. పెళ్లయ్యాక పాప, పాప చదువు, అత్తగారి తుంటి ఎముక విరగడం. ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆమె చేతులు పట్టేసుకున్నాయి. మేష్టారి ప్రోగ్రాం మేష్టారిది. “ఆ తలకాయ నాకెక్కడిది?” అని ఆమె ఎవరితోనన్నా అన్నప్పుడు ఆయన పక్కనే ఉండేవారు. అవుననేవారు కాదు. కాదనేవారూ కాదు.

కొత్తమ్మాయి నిట్టూర్చి రెండు బటన్లు కలిపి నొక్కి యంత్రాన్ని ఆపేసింది. దాని మౌనాన్ని ఆపడానికి ఒక దారన్నా ఉంది.

* * *

ఆఫీసులో ఆమె సీటు జిరాక్సు మిషను పక్కన. కాయితం ఇరుక్కుంటే అందరూ ముందు ఆమెనే పిలుస్తారు.

టీము లీడరుగా ఉన్న పిల్లది కొత్తమ్మాయి కూతురి వయసు. మొదటిరోజు నోరుజారి “ఆంటీ” అని, నాలుక కరుచుకుని “మేడం” చేసుకుంది. మెడలో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లు వేలాడుతుంటాయి. మనిషి మాత్రం మంచిది. వచ్చీ రాగానే కుర్చీ లాక్కుని కొత్తమ్మాయి పక్కన కూర్చుంది.

“ఏదీ, ఎక్కడ ఆగిపోయింది?”

కొత్తమ్మాయి పొద్దుటి వరుస చూపించింది. పిల్ల చూసి, నవ్వు ఆపుకోవాలని ప్రయత్నించి, ఆపుకోలేకపోయింది.

“నవ్వుతున్నానని అనుకోకండి మేడం. నేనూ మొదట్లో అచ్చం ఇదే రాశా. మా క్లాసులో అందరం ఇదే రాశాం. మీరు దీన్ని పెట్టె అనుకుంటున్నారు.”

“పెట్టె కాదా?”

“కాదు. పేరు. లెక్క అంటే ఏమిటని మీరు అడిగారు. అది మీరు చెప్పిందే చూసుకుంది. లెక్క అంటే లెక్కకి ఒకటి కలిపినది. మరి ఆ లెక్క ఏమిటి? దానికి ఒకటి కలిపినది. మరి అది? అలా వెతుక్కుంటూ పోతూనే ఉంది పాపం. మీ మాట నమ్మి వెళ్లింది, వెనక్కి రాలేదు.”

కొత్తమ్మాయికి యంత్రం మీద ఒక్కసారి జాలేసింది.

“అయితే విలువ మార్చాలంటే?”

“మార్చం. ఒకసారి పేరు పెట్టాక అది అదే. మారింది కావాలంటే కొత్తది చేసుకుంటాం. పాతది పాతదే.”

“పాత చీటీ చింపక్కర్లేదా?” అంది కొత్తమ్మాయి, తనకి తెలియకుండానే.

“ఏ చీటీ?”

“ఏం లేదులే. మరి రాసినప్పుడు ఎందుకు ఊరుకుంది? తప్పని అప్పుడే అనచ్చుగా?”

“ఇది బద్ధకం భాష మేడం. అడిగితేగానీ ఏ లెక్కా కట్టదు. అన్నీ లోపల పెట్టుకుని ఊరుకుంటుంది. అవసరం పడి మీరు అడిగినప్పుడే కదులుతుంది.”

“తెలుసు,” అంది కొత్తమ్మాయి. “అలాంటి మనిషి మా ఇంట్లో ఒకరున్నారు.”

పిల్ల పకపకా నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే డిపో నుంచి చార్టు గుమాస్తా వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చంకలో ఫైలు. చార్టులు చూసీ చూసీ మనుషుల్ని కూడా నిలువు గళ్లలో చూసే అలవాటు పట్టుకున్న మనిషి. కొత్త ప్రోగ్రాం వేసిన చార్టుని పాత ప్రోగ్రాం వేసిన చార్టు పక్కన పరిచాడు.

“అంతా బాగానే ఉందమ్మా. ఇదొక్కటే.” పెన్సిలు ఒక పేరు మీద ఆగింది. “ఈ డ్రైవరు రాత్రి ఆఖరి బండి తెచ్చాడు. మళ్లీ తెల్లవారుజామున మొదటి బండి కూడా అతనికే వేశావు. ఎప్పుడు పడుకుంటాడు? స్టీరింగు మీదా?”

కొత్తమ్మాయి ముందుకి వంగింది. పాత చార్టు చూసింది. అందులో ఆ పేరు మధ్యాహ్నం బండి దగ్గర ఉంది.

“పాత ప్రోగ్రాం ఇలా ఎప్పుడూ వెయ్యలేదమ్మా. నా సర్వీసులో నేను చూళ్లేదు.”

“ఆ నియమం ఎక్కడుందో నాకు కనపడలేదండీ. పాత ప్రోగ్రాంలో చార్టు వేసే భాగం అంతా వరుస వరుసా చదివాను.”

“మరి మేష్టారిని అడగరాదూ? రాసింది ఆయనేగా. ఇంట్లోనే ఉంటారుగా.”

“ఇంట్లోనే ఉన్నారు,” అంది కొత్తమ్మాయి. “అందుబాటులో లేరు.”

గుమాస్తా అర్థమైనట్టు తల ఊపి పెన్సిలు చెవి మీదికి చేర్చాడు. పెళ్లయిన మనిషి. వెళ్తూ అన్నాడు. “రేపటికి ఇది సరికాకపోతే నేను సంతకం పెట్టలేనమ్మా. పాతదే ఉంచమంటాను.”

అతను వెళ్లాక కూడా ఆమె ఆ పేరునే చూస్తూ కూర్చుంది. ఆ డ్రైవరు ఎవరో ఆమెకి తెలియదు. కానీ ఆఖరి బండి తెచ్చిన మనిషి ఇల్లు ఎలా ఉంటుందో తెలుసు. ఆమె నాన్న కూడా బస్సు డ్రైవరే. ఆయన ఆఖరి బండి తెచ్చిన మర్నాడు ఇంట్లో అమ్మ గిన్నెలు బట్ట మీద పెట్టి తోమేది. పిల్లలందరూ చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం దాటేవాళ్లు. మేకుకి తగిలించిన ఆయన టోపీ కూడా నిద్రపోతున్నట్టే ఉండేది. ఎప్పుడైనా తెల్లవారకముందే డిపో నుంచి మనిషి వచ్చి తలుపు కొడితే, అమ్మ లేచి వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడేది. “ఇప్పుడేగా వచ్చారు” అనేది. ఆ మాట ఎప్పుడూ గెలిచేది కాదు. నాన్న ఎర్రటి కళ్లతో చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లిపోయేవాడు.

ఎలాంటి చార్టు వేసింది తను!

* * *

ఇంటికి వచ్చేసరికి అత్తగారు సాయంత్రం ప్రార్థనకి కూర్చుంది. మేష్టారు వెనక వసారాలో పీట మీద కూర్చుని, ముందు పాత పేపరు పరిచి, పాత కీబోర్డు ఒకటి విప్పి, బటన్లన్నీ ఊడదీసి బ్రష్షుతో దులుపుతున్నారు. మనసు బాగాలేనప్పుడు ఆయన ఏదో ఒకటి విప్పుతారు. పెళ్లైన కొత్తలో ఒకసారి గోడగడియారం విప్పారు. అది ఇప్పటికీ సరైన టైము చూపించదు.

కొత్తమ్మాయి సంచీ దించి అత్తగారి పక్కన చాప మీద కూర్చుంది.

“అత్తయ్యా, దేవుడు అడిగితేనే ఇస్తాడా?”

“ఛ. ఆయనకి అడక్కుండానే అన్నీ తెలుసు.”

“మరి మీరు రోజూ ఎందుకడుగుతారు?”

అత్తగారు జపమాల మీద వేలు ఆపింది. ఈ ప్రశ్న ఆవిడ తనని తాను ఇదివరకే అడిగి ఉంటుంది. చప్పున కోప్పడలేదు.

“ఏమోనే. అడిగితేగానీ నాక్కావాల్సింది ఏమిటో నాకే తెలియదు. సగం రోజులు అడగడానికని కూర్చుని, అడగకుండానే లేస్తాను.” కాసేపాగి గొంతు తగ్గించింది. “వసారాలో ఉన్నవాడు దేవుడేం కాదు. అడక్కుండా వాడికేం తెలుస్తుంది? వెళ్లు.”

కొత్తమ్మాయి వెళ్లింది. పేపరుకి ఇవతల నేల మీద కూర్చుంది.

“ఏమండీ.”

బ్రష్షు తన పని తాను చేసుకుంటోంది.

“ఒక మాట అడగాలి.”

“ఇవాళేం తొందర? ఒక నెల పోయాక అడుగు.”

నిన్న రాత్రి నుంచి ఆయన ఆమెతో అన్న మొదటి మాట అది. దెప్పిపొడుపే అయినా మాట మాటే.

“చెప్పకపోవడం నాదే పొరపాటు. మీరు బాధపడతారని చెప్పలేదు.”

“ఇప్పుడు పడటం లేదా?”

“పడుతున్నారు.”

“మరి ఆ నెలలో నువ్వు మిగిల్చిందేమిటి?”

ఆమె పేపరు మీద వరసగా పరిచిన బటన్లు చూస్తూ ఉండిపోయింది. కొన్నిటి మీద అక్షరాలు అరిగిపోయాయి. ఎక్కువగా అరిగింది వెనక్కి చెరిపే బటను.

“నీకు పనిచ్చారని కాదు నా బాధ,” అన్నారు మేష్టారు చివరికి, బటను వైపే చూస్తూ. “డిపో వాళ్లు ముందు నన్నే అడిగారు. మీ ఆఫీసుకంటే ముందు. కొత్త భాషలో మీరే రాసిపెట్టండి మేష్టారూ అన్నారు. ఓస్, ఎంతసేపు అన్నాను.”

కొత్తమ్మాయి తలెత్తింది.

“నువ్వు ఆఫీసుకి వెళ్లాక కూర్చునేవాణ్ని. లెక్క అంటే లెక్కకి ఒకటి కలిపినది. రాశాను. చూపించమన్నాను. మాట్లాడదు. మిషను పాడైందనుకుని విప్పాను కూడా.” ఆయన నవ్వబోయారు. నవ్వు సగంలో ఆగింది. “ఎంతమందికి నేర్పాను ఆ వరుస. కింద సుత్తి దెబ్బల మధ్య అరిచి అరిచి నేర్పాను. ఆ ఒక్క వరుస దగ్గరే ఆగిపోయాను. నా వల్ల కాదని డిపోకి చెప్పి వచ్చేశాను.”

“నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు అడగలేదు.”

ఇద్దరి మధ్యా బటన్లు ఉన్నాయి. కొత్తమ్మాయి చెయ్యి చాచి సున్నా అని ఉన్న బటను తీసుకుని ఆయన ముందు పెట్టింది.

“ఇవాళ పొద్దున నేనూ అక్కడే ఆగిపోయాను,” అంది. “అచ్చం అదే వరుస. ఆఫీసులో పిల్ల పడీపడీ నవ్వింది. ఎవరు నేర్పారని అడగలేదు కాబట్టి మీ పరువు దక్కింది.”

ఈసారి ఆయన నవ్వు సగంలో ఆగలేదు. లోపల అత్తగారు గొంతు సవరించుకుంది.

“ఇది పెట్టె కాదండీ, పేరు. ఇదిగో సున్నా. దీన్ని నేను ముట్టుకోను. ఒకటి కావాలంటే ఒకటిని తెచ్చి పక్కన పెడతాను.” ఆమె ఒకటి బటను, దాని పక్కన రెండు బటను పెట్టింది. “నిన్నటి చార్టు ఇది. ఇవాళ్టిది ఇది. దీన్ని చూసి దాన్ని చేస్తాను కానీ దీన్ని చెరిపి దాన్ని రాయను.”

“మరి అదే పని మళ్లీ మళ్లీ చేయించే లూప్ ఎలా తిప్పుతావు?”

“తిప్పను. మొదటి డ్రైవర్ని చూస్తాను. మిగతా జాబితాని మళ్లీ అదే పనికి ఇస్తాను. అది మొదటివాణ్ని చూసి, మిగతాది మళ్లీ తనకే ఇచ్చుకుంటుంది.”

“ఎక్కడ ఆగుతుంది?”

“జాబితాలో ఎవరూ మిగలనప్పుడు.”

మేష్టారు మూడు బటను తీసి రెండు పక్కన పెట్టారు. తర్వాత నాలుగు. చిన్నపిల్లవాడు అక్షరాలు దిద్దుతున్నట్టు పెదవులు కదుపుతూ ఆ వరసని మొదటినుంచీ చూశారు.

“అయితే పాత చీటీ చింపక్కర్లేదన్నమాట.”

“అక్కర్లేదు.”

“నువ్వు ఆ రోజే అడిగావు. అందరూ నవ్వారు.” ఆయన గొంతు మెత్తబడింది. “నాకు జవాబు తెలియక కూర్చోమన్నాను. ఆ రోజంతా అదే ఆలోచించాను. ఎవరీ పిల్ల, గుమ్మంలోంచి రాగానే ఇలాంటిది అడిగింది అని.”

వసారాలో ఎండ పలచబడి బటన్ల నీడలు పొడుగయ్యాయి. ఎక్కడి నుంచో సైకిలు గంట ఒకటి వినపడి ఆగిపోయింది. ఆ పైగదిలో లాగే కొత్తమ్మాయి కింద, ఆయన కాస్త ఎత్తులో. కానీ ఈసారి సుద్దముక్క తన చేతిలో ఉన్నట్టుంది. “అడుగుతానన్నావు,” అన్నారాయన. “ఏమిటది?”

గుమాస్తా అన్నదంతా కొత్తమ్మాయి చెప్పింది. ఆఖరి బండి, మొదటి బండి, స్టీరింగు మీద నిద్ర.

“చార్టు వేసే భాగంలో అది ఉండదు,” అన్నారు మేష్టారు వెంటనే. “పొద్దున హాజరు ఎక్కించే భాగంలో ఉంటుంది. ఆఖరి బండి తెచ్చినవాళ్ల పేర్లు ముందే పక్కకి తీసి మధ్యాహ్నం జాబితాలో వేసేస్తుంది. ఇక పొద్దుటి చార్టుకి వాళ్లున్నారన్న సంగతే తెలియదు. అక్కడ ఎంత వెతికినా నీకు దొరకదు.”

ఆమెకి గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. ఇంత చిన్న సంగతి. కొత్త భాషలో రాయడానికి రెండు వరుసలు చాలు. రేపు గుమాస్తా సంతకం పెడతాడు. సంతోషంలో నోటికొచ్చిన మాట అనేసింది.

“ఎంత ముందుచూపండీ మీది! చార్టు మొదలవకముందే వాళ్లని పక్కన పెట్టాలని ఎలా తట్టింది మీకు?”

మేష్టారు నాలుగు బటను వెనక్కి తీసుకుని, మళ్లీ అక్కడే పెట్టారు.

“నాకు తట్టలేదు,” అన్నారు.

“మరి?”

“క్లాసులో అందరికీ ఇచ్చాను కదా, చార్టు వెయ్యమని. అందరూ బండ్ల దగ్గర మొదలుపెట్టారు. నువ్వొక్కదానివే మనుషుల దగ్గర మొదలుపెట్టావు. మొదటి కాయితం మీద మొదటి వరుసే అది. రాత్రి ఆఖరి బండి తెచ్చినవాళ్లని ముందు పక్కన పెట్టాలి, వాళ్లు పడుకుంటారు అని రాశావు. నేను ఉన్నదున్నట్టు ఎక్కించాను.”

కొత్తమ్మాయి కళ్ల ముందు అమ్మ తలుపుకి అడ్డంగా నిలబడటం, నాన్న ఎర్రటి కళ్లు, చేతుల్లో చెప్పులు. అమ్మ ఎన్నిసార్లు అన్నా గెలవని మాట, తను ఎప్పుడో కాయితం మీద రాసి మర్చిపోయిన మాట, ఇన్నేళ్లుగా ఆ డిపోలో రోజూ గెలుస్తూనే ఉంది. ఎంతమంది ఇళ్లలో ఎంతమంది పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచారో. ముందు కళ్లు తడిశాయి. ఆ తర్వాతే, ఆలస్యంగా, ఇంకొకటి వచ్చింది.

“ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పలేదు మీరు.”

“చెబుదామనే అనుకున్నాను. నువ్వెప్పుడైనా అడుగుతావనుకున్నాను.”

“నాకు తెలియనిదాన్ని నేనెలా అడుగుతానండీ?”

మేష్టారు తల వంచుకున్నారు.

“ఆ తలకాయ నాకెక్కడిది అని నేను పదిమందిలో అన్నప్పుడు మీరు పక్కనే ఉన్నారు,” అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆయనకి తేలిగ్గా ఉండేదేమో. “ఇప్పుడు అడుగుతున్నాను. మీ ప్రోగ్రాం, మీ ప్రోగ్రాం అని మనమంతా అంటున్నామే, అందులో నేను రాసింది అదొక్కటేనా?”

లోపల జపమాల చప్పుడు ఆగిపోయింది.

మేష్టారు బ్రష్షు కింద పెట్టారు. నోరు తెరిచి, మూసుకున్నారు. పొద్దున యంత్రాన్ని ఆపేసినట్టు ఈ మౌనాన్ని ఆపెయ్యాలనిపించలేదు కొత్తమ్మాయికి. కాళ్లు మడుచుకుని, ఆయన ముఖం వైపు తిరిగి, జవాబు వచ్చేదాకా లేవనన్నట్టు నేల మీద సర్దుకుని కూర్చుంది.